మట్టిలో కలిసిన మనిషి – మళ్లీ లేచేది ఎవరు?

చదువుకుంటున్న మన పిల్లల్లో కొందరికి ఒక ప్రశ్న ఎదురవుతోంది. కొందరు దాన్ని పైకి అడుగుతారు, కొందరు మనసులోనే దాచుకుంటారు. ప్రశ్న ఇదీ: "మనిషి చనిపోయాక శరీరం మట్టిలో కలిసిపోతుంది. ఆ మట్టిలోని సారాన్ని గడ్డి పీల్చుకుంటుంది. గడ్డిని మేక మేస్తుంది. మేక మాంసాన్ని మరో మనిషి తింటాడు. మొదటి మనిషి శరీరంలోని పదార్థం ఇప్పుడు రెండో మనిషి శరీరం అయిపోయింది. ఖియామత్ రోజున ఇద్దరూ లేపబడినప్పుడు ఆ పదార్థం ఎవరిది?"

ఈ మాట వినగానే మన ఇళ్లలో పెద్దలు చాలామంది "తౌబా తౌబా, ఇలాంటివి అడగకూడదు" అని గద్దిస్తారు. పిల్లవాడు అడగడం మానేస్తాడు. సందేహం మాత్రం మానదు. అది లోపలే పెరిగి, పదేళ్ల తర్వాత నమాజు వదిలేయడంగానో, పరలోకం గురించి నవ్వులాటగానో బయటపడుతుంది.

మన ధర్మవేత్తలు ఈ ప్రశ్నను ఎప్పుడూ అలా గద్దించలేదు. ఇది కొత్త ప్రశ్న కూడా కాదు. 'ఆకిల్, మాకూల్' ప్రశ్న అని, అంటే 'తినేవాడు, తినబడినవాడు' అని, దీనికి మన గ్రంథాల్లో శతాబ్దాల నుంచి పేరుంది. దర్సె నిజామీలో చదివే ప్రతి విద్యార్థీ 'షరహె అఖాయిద్' పాఠంలో దీన్ని దాటుకునే వస్తాడు. మదరసాలో నేర్పే ఈ విషయం మన ఇళ్ల దాకా రాకపోవడమే లోటు.

పదార్థం ఒకచోట ఆగదు

ముందుగా న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లవాడి ప్రశ్నలో మొదటి సగం నిజమే. భూమి మీద పదార్థం చేతులు మారుతూ ఉంటుంది.

మన శరీరం బరువులో సుమారు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్, 3 శాతం నైట్రోజన్. మిగిలిన కొద్దిపాటి భాగంలో కాల్షియం, భాస్వరం వంటివి ఉన్నాయి. వీటిలో ఏదీ మనం పుట్టించింది కాదు. వరి మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడును ఆకుల్లోకి తీసుకుని, ఎండ సాయంతో దాన్ని గింజలో పిండిపదార్థంగా మారుస్తుంది. ఆ గింజ మన పళ్లెంలో అన్నం అవుతుంది. ఒంట్లో శక్తిగా ఖర్చయ్యాక అదే కార్బన్ మన ఊపిరిలో తిరిగి గాలిలోకి వెళ్లిపోతుంది. ఆ గాలిని రేపు ఏ చెట్టు తీసుకుంటుందో మనకు తెలియదు.

గాలిలో 78 శాతం నైట్రోజనే. అయినా దాన్ని పీల్చి మనం కండగా మార్చుకోలేం. కంది, మినుము, పెసర, వేరుశనగ మొక్కల వేళ్ల బుడిపెల్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి గాలిలోని నైట్రోజన్‌ను మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. అది పప్పులో మాంసకృత్తుగా చేరి మన కండలోకి వస్తుంది. మనం చనిపోయాక వేరే సూక్ష్మజీవులు ఆ కండను విడగొట్టి మట్టికీ గాలికీ తిరిగి అప్పజెబుతాయి.

మన ఎముకల్లో, పళ్లలో ఉండే భాస్వరం కథ ఇంకా ఆశ్చర్యకరమైనది. అది కార్బన్‌లా, నైట్రోజన్‌లా వాయువుగా మారి గాలిలో తిరగదు. రాయి అరిగి మట్టిలోకి, మట్టి నుంచి మొక్కలోకి, మొక్క నుంచి ప్రాణుల్లోకి వస్తుంది. వాన నీటితో కొట్టుకుపోయి చివరికి సముద్రం చేరుతుంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవిలో వానలు ఎక్కువ కాబట్టి అక్కడి నేల నుంచి భాస్వరం ఏటా కొట్టుకుపోతూనే ఉంటుంది. మరి ఆ అడవి ఎలా నిలిచి ఉంది? ఆఫ్రికాలోని చాద్ దేశంలో బోదెలె అనే పల్లపు ప్రాంతం ఉంది. ఒకప్పుడు అది ఒక మహా సరస్సులో భాగం. సరస్సు ఎండిపోయింది. అందులో బతికిన సూక్ష్మప్రాణుల అవశేషాలు దుమ్ముగా మిగిలాయి. ఆ ఎడారి గాలులు ఆ దుమ్మును లేపి అట్లాంటిక్ మహాసముద్రం దాటిస్తాయి. ఉపగ్రహం ఇచ్చిన కొలతల ఆధారంగా 2015లో వెలువడిన ఒక పరిశోధన అంచనా ప్రకారం, సహారా నుంచి ఏటా సుమారు 2 కోట్ల 77 లక్షల టన్నుల దుమ్ము అమెజాన్ ప్రాంతం మీద పడుతుంది. అందులో సుమారు 22 వేల టన్నుల భాస్వరం ఉంటుంది. వానలకు ఆ అడవి పోగొట్టుకునేది కూడా దాదాపు అంతే! ఎప్పుడో చచ్చిపోయిన సరస్సు సముద్రం అవతలి అడవిని పోషిస్తోందన్నమాట.

ఖుర్ఆన్ ఈ ప్రశ్నను ఎలా తీసుకుంది?

ఖుర్ఆన్ సైన్సు పాఠ్యపుస్తకం కాదు. వెలువడిన ప్రతి పరిశోధననూ తెచ్చి ఏదో ఒక ఆయతుకు అతికించడం మంచి పద్ధతీ కాదు. రేపు ఆ పరిశోధన మారితే నవ్వులపాలయ్యేది మనమే. కానీ మన ప్రశ్న విషయంలో ఖుర్ఆన్ మౌనంగా లేదు.

మక్కా అవిశ్వాసుల్లో ఒకడు పుచ్చిపోయిన ఎముకను చేత్తో నలిపి దైవప్రవక్త (స) ముందు ఊదేసి, దీన్ని మళ్లీ ఎవడు బతికిస్తాడని ఎగతాళి చేశాడని వ్యాఖ్యాతలు రాశారు. యాసీన్ సూరా చివరి భాగంలో దానికి జవాబు ఉంది. మొదటిసారి పుట్టించినవాడే రెండోసారీ పుట్టిస్తాడన్నది ఆ జవాబు సారాంశం. ఖాఫ్ సూరా ఆరంభంలో మరో మాట ఉంది. మరణించినవారి నుంచి భూమి ఏమేం తగ్గిస్తోందో అల్లాహ్‌కు తెలుసని, ఆయన వద్ద అంతా భద్రపరిచే గ్రంథం ఉందని ఆ మాట తెలుపుతుంది. శరీరం చెదిరిపోదని ఖుర్ఆన్ చెప్పలేదు. చెదిరిపోయినది కూడా ఆయన ఎరుకలో ఉందని చెప్పింది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక పూర్వకాలపు మనిషి ఉదంతం ఉంది. అతను తన పాపాలకు భయపడి, తాను చనిపోయాక తన శరీరాన్ని కాల్చి, బూడిదను నేల మీదా సముద్రంలోనూ చల్లేయమని కొడుకులకు చెప్పాడు. వాళ్లు అలాగే చేశారు. అల్లాహ్ నేలనూ నీటినీ ఆజ్ఞాపించి అతన్ని మళ్లీ నిలబెట్టి, ఎందుకిలా చేశావని అడిగాడు. నీ భయంతోనే ప్రభూ అన్నాడతను. అల్లాహ్ అతన్ని క్షమించాడు. ఈ హదీసులో మనం గమనించవలసింది ఒకటుంది. చెదిరిపోవడం అతనికి దాక్కునే చోటు కాలేదు. అతన్ని కాపాడింది కూడా బూడిద చెదిరిపోవడం కాదు. అతని మనసులోని దైవభీతి.

మన పెద్దల జవాబులు

పిల్లవాడి ప్రశ్నలోని రెండో సగానికి వద్దాం. ఒకే పదార్థం ఇద్దరి శరీరంలో ఉండి వెళితే, అది ఎవరితో లేస్తుంది?

1390లో మరణించిన అల్లామా తఫ్తాజానీ 'షరహె అఖాయిద్'లో ఇచ్చిన జవాబు ఇది: మనిషి శరీరంలో పుట్టుక నుంచి చావు వరకు నిలిచి ఉండే మూల భాగాలు కొన్ని ఉంటాయి. ఆహారం ద్వారా వచ్చి చేరేవి అదనపు భాగాలు. తినబడినవాడి భాగాలు తిన్నవాడిలో అదనంగానే చేరతాయి తప్ప అతని మూల భాగాలు కావు. లేపబడేది మూల భాగాలతో.

1111లో మరణించిన ఇమామ్ గజాలీ 'తహాఫుతుల్ ఫలాసిఫా' చివరిదైన 20వ చర్చలో ఈ ప్రశ్నను దాచకుండా పూర్తిగా వివరించారు. సమాధుల నేలను దున్ని పైరు వేస్తే, ఆ పైరును పశువు తింటే, పశువును మనిషి తింటే ఏమిటన్న ఆక్షేపణను ఆయనే రాసి చూపించారు. ఫిలాసఫర్లను వారి మాట మీదే నిలబెట్టి జవాబిచ్చారు. మనిషి తన ఆత్మ వల్ల 'ఆ మనిషి' అవుతున్నాడు కానీ కేవలం శరీర భాగాల వల్ల కాదు. బాల్యం నుంచి ముసలితనం దాకా ఆహారంతో ఆ భాగాలు మారుతూనే వస్తున్నా అతను అతనే కదా! అలాంటప్పుడు అల్లాహ్ ఆ ఆత్మకు తిరిగి శరీరాన్ని ఇస్తే అసాధ్యం ఏముంది?

చెదిరిన భాగాలనే అల్లాహ్ మళ్లీ కూర్చుతాడా, లేక పూర్తిగా లేకుండా పోయినదాన్ని మళ్లీ ఉనికిలోకి తెస్తాడా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి. శరీరంతో లేపబడడం సత్యం అన్న విషయంలో మాత్రం అహ్లె సున్నత్ ధర్మవేత్తల మధ్య భేదం లేదు. 'ఎలా' అన్నది తెలియకపోయినంత మాత్రాన 'ఉంది' అన్నది పోదు.

బతికి ఉండగానే మారిపోతున్న శరీరం

ఈ ప్రశ్న నిజానికి చనిపోయినవారి గురించి మాత్రమే కాదు. బతికి ఉన్న మన గురించి కూడా. మన రక్తంలోని ఎర్ర కణం సుమారు 120 రోజులే బతుకుతుంది. పేగుల లోపలి పొర కొద్ది రోజులకే కొత్తదవుతుంది. గట్టిగా, ఎప్పటికీ మారనట్టు కనిపించే ఎముక కూడా పెద్దవారిలో ఏటా సుమారు పదో వంతు పాతది పోయి కొత్తది ఏర్పడుతుంది. కొన్ని మాత్రం నిలుస్తాయి. పంటి మీది గట్టి పొర మళ్లీ పుట్టదు. మెదడు పైపొరలోని నాడీకణాలు దాదాపుగా మనిషి వయసు ఎంతో అంత వయసువేనని 2005లో స్వీడన్ శాస్త్రవేత్తలు కార్బన్ కొలతల ద్వారా చూపించారు. ఇవే తఫ్తాజానీ చెప్పిన మూల భాగాలని మనం తీర్పు చెప్పనవసరం లేదు. ఆయన మాట్లాడింది వేరే సందర్భంలో.

అయితే ఒక సంగతి ఆలోచించండి. ముప్పై ఏళ్ల క్రితం నికాహ్‌నామా మీద సంతకం చేసి మెహర్ ఒప్పుకున్న మనిషి ఈ రోజుకీ ఆ మెహర్ చెల్లించలేదు. సంతకం చేసిన ఆ చేతిలోని రక్తం మారింది, చర్మం మారింది, ఎముక కూడా చాలావరకు మారింది. "ఒప్పుకున్న చెయ్యి ఇది కాదు, అందుకని నేను బాకీ లేను" అని అతను భార్యతో అనగలడా? అంటే ఏ ఖాజీ ఒప్పుకుంటాడు? ఏ కోర్టు ఒప్పుకుంటుంది? పాతికేళ్ల తర్వాత ఇంటికి తిరిగొచ్చిన కొడుకును తల్లి "నా బిడ్డే" అని గుండెకు హత్తుకుంటుంది. అతని శరీరంలోని పదార్థాన్ని లెక్కగట్టి కాదు.

అప్పు, వాగ్దానం, నికాహ్, వారసత్వం, సాక్ష్యం, ఇవన్నీ ఒకే ఒక్క నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. పదార్థం మారినా మనిషి మారలేదు అన్న నమ్మకం మీద. ఈ నమ్మకం లేకుండా నాస్తికుడు కూడా ఒక్కరోజు వ్యాపారం చేయలేడు. ఇహలోకంలో ముప్పై ఏళ్లకు ఒప్పుకున్న దాన్ని, పరలోకం పేరెత్తగానే అసాధ్యం అనడం ఏ న్యాయం?

తీర్పు దినాన చేతులు, కాళ్లు, చర్మం సాక్ష్యం చెబుతాయని ఖుర్ఆన్ తెలుపుతోంది. ఏ చెయ్యి అని అడిగేవారికి జవాబు కూడా ఇందులోనే ఉంది. అరవై ఏళ్ల ముసలివాడి చెయ్యి, పదేళ్ల వయసులో ఆ చేతితో చేసిన పనికి 'అతని చెయ్యే' ఎలా అయిందో, ఆ రోజు ఇవ్వబడే చెయ్యి కూడా అలాగే అతనిదే అవుతుంది.

పదార్థం శుభ్రపడుతుంది, పని శుభ్రపడదు

మన హనఫీ ఫిఖ్హ్‌లో ఒక మసాయిల్ ఉంది. ఉప్పు మడిలో గాడిద పడి చనిపోయి, కాలక్రమంలో పూర్తిగా ఉప్పుగా మారిపోతే ఆ ఉప్పు పరిశుద్ధమేనా? ఇమామ్ అబూ యూసుఫ్ కాదన్నారు. ఇమామ్ ముహమ్మద్ పరిశుద్ధమే అన్నారు. ఫత్వా ఇమామ్ ముహమ్మద్ మాట మీదే ఉంది. ఒక వస్తువు సహజ గుణం పూర్తిగా మారి వేరే వస్తువైతే దాని ఆదేశం కూడా మారుతుంది. దీన్నే 'ఇస్తిహాలా' అంటారు. పేడ ఎరువు వేసిన మడిలో పండిన వంకాయను మనం ఏ సంకోచం లేకుండా తింటున్నాం కదా! అపవిత్రం ఆ పదార్థాన్ని శాశ్వతంగా పట్టుకుని ఉండదు. అల్లాహ్ నేలలో, నీటిలో, గాలిలో పెట్టిన ఏర్పాటు దాన్ని కడిగేస్తుంది.

మరి హరామ్ సొమ్ము సంగతి ఏమిటి? ఇక్కడే మన ఇళ్లలో చాలామంది పొరబడుతున్నారు. తండ్రి చనిపోయాడు. అన్న పొలమంతా తన పేరిట రాయించుకున్నాడు. ఖుర్ఆన్ నిర్ణయించిన చెల్లెలి వాటా ఇవ్వలేదు. "పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అన్నాడు. ఆమె వాటా నేలలో పండిన బియ్యం అతను తిన్నాడు, పిల్లలకు పెట్టాడు. ఆ అన్నం రక్తమైంది. నాలుగు నెలలకు ఆ రక్తకణాలు పోయాయి. అందులోని కార్బన్‌లో చాలా భాగం అతని ఊపిరితోనే వెళ్లిపోయింది. అది ఎవరి తోటలోనో ఆకైంది, ఎవరి ఇంట్లోనో పండైంది. పండు తిన్నవాడికి ఏ పాపమూ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత అన్న ఒంట్లో ఆ బియ్యం ఆనవాలు దాదాపు లేదు. అతని మనసు కూడా చెల్లెలి సంగతి మరచిపోయింది.

కానీ చెల్లెలి హక్కు? అది గాలిలో కలవలేదు. మట్టిలో కుళ్లలేదు. ఇస్తిహాలా దాన్ని మార్చలేదు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ఏడు భూముల మేర అది చుట్టబడుతుందని బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు హెచ్చరిస్తోంది. తిన్నది దానంతటదే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. తీసుకున్న హక్కు మాత్రం తిరిగి ఇస్తే తప్ప, లేదా హక్కుదారు మనస్ఫూర్తిగా మాఫ్ చేస్తే తప్ప వెళ్లదు. హజ్‌కు వెళ్లొచ్చినా, గడ్డం నెరిసినా, ఒంట్లో కణమంతా మారినా అంతే.

పదార్థం ఎవరిదని అడిగే పిల్లవాడికి మనం చెప్పవలసింది ఇదే: "బాబూ, పదార్థం నీదీ కాదు, నాదీ కాదు. అది అల్లాహ్ అమానత్. కొన్నాళ్లు నీ దగ్గర, కొన్నాళ్లు మేక దగ్గర, కొన్నాళ్లు గడ్డి దగ్గర. అది నీ దగ్గర ఉన్నప్పుడు దానితో నువ్వు ఏం చేశావన్నదే నీది. లెక్క దానికే."

వెళ్లిపోయిందే మిగిలింది

అమానత్ అన్నప్పుడు దాన్ని తర్వాతి చేతికి ఎలా అప్పజెబుతున్నామన్న మాట కూడా వస్తుంది. నిలవ నీటిలో మూత్రం పోయవద్దని, జనం నడిచే దారిలో, నీడలో, నీటి రేవుల దగ్గర మలవిసర్జన చేయవద్దని దైవప్రవక్త (స) వారించారు. ఈ రోజు ఇంట్లోని చెత్తను చెరువులో పడేసేవారు, మోతాదుకు మించి ఎరువు చల్లి ఆ నైట్రోజన్, భాస్వరం వాగుల్లోకి పారేలా చేసేవారు కూడా ఈ వారింపును తమకు వర్తింపజేసుకోవాలి. ఆ నీరు తాగేది ఎవరో మనకు తెలియకపోవచ్చు. లెక్క అడిగేవాడికి తెలుసు.

ఈ ప్రయాణంలో భయం ఒక్కటే లేదు, గొప్ప శుభవార్త కూడా ఉంది. ఒక ముస్లిం చెట్టు నాటితే లేదా పైరు వేస్తే, దాన్నుంచి పక్షి గానీ మనిషి గానీ పశువు గానీ తిన్నదంతా అతనికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆలోచించండి. అవ్వ పెరట్లో నాటిన జామచెట్టు పండును చిలుక కొరికింది. ఆ పండు చిలుక రెక్కలో చేరింది. చిలుక ఎక్కడికో ఎగిరిపోయింది. అవ్వ అప్పటికే ఖబరస్తాన్‌లో ఉంది. పండు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పుణ్యం మాత్రం ఎటూ పోలేదు.

తిర్మిజీలో ఒక చిన్న హదీసు ఉంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఒక గొర్రెను కోశారు. మాంసమంతా పంచిపెట్టారు. ఏం మిగిలిందని ఆయన అడిగితే, ముందుకాలి భాగం ఒక్కటే మిగిలిందని హజ్రత్ ఆయిషా (రజి) జవాబిచ్చారు. ఆయన ఆ లెక్కను తిరగేశారు. ఆ ముందుకాలి భాగం తప్ప మిగతా అంతా మిగిలే ఉందన్నారు.

ఇంట్లో ఉంచుకున్నది మనం తింటాం, అది మట్టికి చేరుతుంది. ఇచ్చేసింది కూడా మరొకరు తింటారు, అదీ మట్టికే చేరుతుంది. పదార్థం లెక్కలో రెండూ ఒకటే. అల్లాహ్ వద్ద ఉన్న లెక్కలో ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. కనుక మన పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు గద్దించకండి. పక్కన కూర్చోబెట్టుకుని గడ్డి కథ, మేక కథ మీరే చెప్పండి. ఆ తర్వాత చెల్లెలి వాటా సంగతి, మెహర్ బాకీ సంగతి కూడా వారి ముందే మాట్లాడండి. ఆ బాకీలు తీరడం వారు కళ్లారా చూస్తే, లెక్క అడిగే రోజు ఒకటుందని మనం వేరే వాదించి నమ్మించవలసిన అవసరం రాదు.

మన దగ్గరున్న అమానత్‌ను అల్లాహ్ మెచ్చే దారిలో వాడుకుని, ఒకరి హక్కు కూడా మెడకు చుట్టుకోకుండా మట్టిలోకి వెళ్లే భాగ్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.